పాల్మైరాలో స్మిత్ కుటుంబం దుంగల ఇల్లు నిజంగా అక్కడే ఉండేదా? ఒక సర్వేయర్ జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "రోచెస్టర్‌లో ఉంటున్నాం. వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు. మార్మన్ మతాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ కుటుంబం ఉన్న పొలం పాల్మైరా దగ్గరే ఉంది, చూపిద్దామనుకుంటున్నాం. కానీ అక్కడి దుంగల ఇల్లు 1998లో కట్టిందట. అసలు ఇల్లు అక్కడే ఉండేదని ఎలా తెలుసు? మేం మార్మన్లం కాదు, మాకు అక్కడ చూడ్డానికి ఏముంటుంది?"

నేను ఆంధ్రాలో సర్వే శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యానండి. మా అమ్మాయి వాళ్ళు మీకు దగ్గర్లోనే ఉంటారు. ప్రతి వేసవికీ వస్తుంటాను, వచ్చినప్పుడల్లా ఆ పొలానికి వెళ్తుంటాను. నేనూ మార్మన్‌ని కాదు. నన్ను అక్కడికి లాక్కెళ్ళింది మతం కాదు, ఒక కొలత. అందుకని మీ ప్రశ్నకి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు విన్నది నిజమే. దుంగల ఇల్లు కొత్తగా కట్టిందే. 1998 మార్చిలో, అప్పటి చర్చి అధ్యక్షుడు గోర్డన్ బి. హింక్లీ వచ్చి ప్రతిష్ఠ చేశారు. కానీ ఎక్కడపడితే అక్కడ కట్టలేదు. కట్టడానికి పదహారేళ్ళ ముందు, 1982లో, బ్రిగం యంగ్ యూనివర్సిటీ పురావస్తు బృందం ఆ చోట తవ్వకాలు చేసింది. భూమిలో ఇంటి ఆనవాళ్ళు దొరికాయి. మరి నూరెకరాల పైచిలుకు పొలంలో ఫలానా చోటే ఇల్లుండేదని అంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారు? అక్కడే ఉంది అసలు సంగతి.

1820 జూన్ 13న పాల్మైరా ఊరి అధికారులు ఒక రోడ్డు సర్వే చేయించారు. ఇప్పుడు మీరు కారులో వెళ్ళే స్టాఫర్డ్ రోడ్డే అది. సర్వేయర్ ఎక్కడ మొదలుపెట్టాడో రికార్డులో రాయాలి కదా. ఆయన రాసిందేమిటంటే, రెండో రేంజిలోని 12వ నంబర్ టౌన్‌షిప్ దక్షిణపు గీత మీద, జోసెఫ్ స్మిత్ నివాసపు ఇంటికి ఆగ్నేయంగా 3 రాడ్లు 14 లింకుల దూరంలో మొదలు, అని.

మన దగ్గర సేల్ డీడ్‌లో చెక్కుబందీ రాసేటప్పుడు "తూర్పు: ఫలానా వారి ఇల్లు" అని రాస్తాం చూడండి. రాసేవాడికి ఆ పక్కింటాయనతో పనేమీ లేదు. తన హద్దు చెప్పడానికి ఆయన పేరు వాడుకున్నాడంతే. యాభై ఏళ్ళ తర్వాత ఆ పక్కింటాయన వారసులకి కోర్టులో పనికొచ్చేది మాత్రం ఆ కాగితమే. ఎవరి తరఫునా సాక్ష్యం చెబుదామని రాసింది కాదు కాబట్టి దానికి విలువ ఎక్కువ. 1820 నాటి ఈ రికార్డు కూడా అలాంటిదే. అప్పటికి జోసెఫ్ స్మిత్ అంటే పద్నాలుగేళ్ళ పిల్లాడు కాదు, వాళ్ళ నాన్న. ఇద్దరి పేరూ ఒకటే. మతం పుట్టడానికి ఇంకా పదేళ్ళుంది. ఆ ఇంటికి పేరు రాబోతోందని గొలుసు లాగిన ఆ మనుషులెవరికీ తెలియదు.

ఇక లెక్క. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, అంటే 25 లింకులు. లింకు అంటే గుంటర్ గొలుసులో నూరో వంతు. 66 అడుగుల గొలుసుకి నూరు లింకులు. మన పాత మద్రాసు సర్వే ఎఫ్ఎంబీల్లో (పొలం కొలతల పుస్తకాల్లో) కొలతలన్నీ ఈ లింకుల్లోనే ఉండేవి. నేను సర్వీసులో చేరిన కొత్తలో చేతులు కాయలు కాసింది ఆ గొలుసు లాగే. (తెలంగాణ వైపు 33 అడుగుల గొలుసు, పదహారు అణాలు, గుంట లెక్క అక్కడి నుంచే వచ్చింది.) కాబట్టి 3 రాడ్లు అంటే 75 లింకులు, పైన 14, మొత్తం 89 లింకులు. ఒక గొలుసు కూడా నిండలేదు. అడుగుల్లో 58 అడుగుల 9 అంగుళాలు. మొదటిసారి అది చదివిన రోజు మా అమ్మాయి పెరట్లో కంచె దగ్గర ఒక పుల్ల పాతి, టేపు పట్టుకుని 58 అడుగుల 9 అంగుళాలు నడిచాను. వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఆ గుమ్మం దగ్గర నిలబడి కంచె వైపు చూస్తే అర్థమైంది, సరిహద్దు గీత ఆ ఇంటి వాకిట్లోనే ఉందని. ఆగ్నేయం సరిగ్గా 45 డిగ్రీలనుకుంటే గీతకి ఉత్తరంగా ఇల్లు నలభై ఒకటీ నలభై రెండు అడుగులే.

ఆ నలభై అడుగుల్లో ఒక చిక్కుంది. పడమటి న్యూయార్క్ భూముల్ని 1788 తర్వాత ఆరు మైళ్ళ వెడల్పు పట్టీలుగా (రేంజి అంటే ఇదే), ఆరేసి మైళ్ళ టౌన్‌షిప్పులుగా గళ్ళు గీసినట్టు కొలిచారు. పాల్మైరా 12వ నంబర్. దాని కింద 11వ నంబర్, అది తర్వాత మాంచెస్టర్ అయింది. స్మిత్ కుటుంబం కొనుక్కోవడానికి ఒప్పందం చేసుకున్న నూరెకరాలూ గీతకి దక్షిణాన, 11లో ఉన్నాయి. ఇల్లేమో గీతకి ఉత్తరాన, 12లో ఉంది. అంటే పొలం తమదే కానీ ఇల్లు పక్కవాళ్ళ భూమిలో పడింది. అడవిలో హద్దు రాయి కనబడక అలా జరిగిందని చాలామంది చరిత్రకారులు అంటారు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశానో. బతుకుదెరువు కోసం కొత్త ఊరికి వచ్చినవాడు నీళ్ళు చూసుకుంటాడు, మెరక చూసుకుంటాడు, దారి చూసుకుంటాడు, ఇల్లు వేసేస్తాడు. గొలుసు తర్వాత వస్తుంది.

1823లో వేన్ కౌంటీ కొత్తగా ఏర్పడినప్పుడు ఆ గీతే కౌంటీ హద్దు అయింది. ఇప్పటికీ అంతే. మీరు దుంగల ఇంట్లో నిలబడితే వేన్ కౌంటీలో ఉన్నట్టు, అక్కడి నుంచి దక్షిణంగా కొద్ది నిమిషాలు నడిచి, వాళ్ళు తర్వాత కట్టిన చెక్క పలకల ఇంటికి వెళ్తే ఆంటారియో కౌంటీలో ఉన్నట్టు. మీ నాన్నగారికి రెవెన్యూ వ్యవహారాలతో పరిచయం ఉంటే ఈ ఒక్క విషయం చెప్పండి, మిగతాదంతా ఆయనే అడిగి తెలుసుకుంటారు.

ఇప్పుడు ఆ కుటుంబం గురించి. ఇది తెలియకుండా వెళ్తే అక్కడ రెండు పాత ఇళ్ళు, ఒక కొట్టం, కొన్ని చెట్లు తప్ప ఏమీ కనిపించదు.

తండ్రి జోసెఫ్ స్మిత్ సీనియర్, తల్లి లూసీ మాక్. 1796లో వెర్మాంట్ రాష్ట్రం టన్‌బ్రిడ్జ్‌లో పెళ్ళయింది. సొంత పొలం ఉండేది. జిన్సెంగ్ వేళ్ళు కొని శుద్ధి చేసి చైనాకి ఎగుమతి చేస్తే లాభమని దిగారు. సరుకైతే వెళ్ళింది కానీ డబ్బు చేతికి రాలేదు, మధ్యవాళ్ళు మోసం చేశారు. అప్పు 1800 డాలర్లు. పొలం 800కి అమ్మారు. లూసీకి పెళ్ళినాడు పుట్టింటివైపు నుంచి వచ్చిన వెయ్యి డాలర్లు ఆవిడ అప్పటిదాకా ముట్టుకోలేదు, అదీ తెచ్చి ఇచ్చేసింది. అప్పు తీరింది, కాళ్ళ కింద నేల పోయింది. అప్పటి నుంచి రాండాల్ఫ్, రాయల్టన్, షారన్, లెబనాన్, నార్విచ్ అంటూ కౌలు బతుకే. చిన్న జోసెఫ్ పుట్టింది 1805 డిసెంబర్ 23న, షారన్‌లో, తాతగారి పొలంలో. ఏడేళ్ళప్పుడు ఆ ప్రాంతంలో టైఫాయిడ్ జ్వరాలు వచ్చి, ఇతనికి కాలి ఎముకకి చీము పట్టింది. మత్తు లేని రోజులు. సారా తాగించబోతే వద్దని, తండ్రి ఒళ్ళో పడుకుని ఎముక ముక్కలు తీయించుకున్నాడని లూసీ తన జ్ఞాపకాల్లో చెప్పింది. ఆ కాలు తర్వాత కొద్దిగా ఈడ్చేవాడు.

నార్విచ్‌లో వరసగా పంటలు పోయాయి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి ఆకాశమంతా కమ్మి, 1816లో న్యూ ఇంగ్లండ్‌లో జూన్ నెలలో కూడా మంచు కురిసింది. రైతులు వేలాదిగా పడమటి వైపు వలసపోయారు. వాళ్ళల్లో వీళ్ళూ ఉన్నారు. తండ్రి ముందు వెళ్ళాడు. లూసీ ఎనిమిది మంది పిల్లల్ని తీసుకుని చలికాలంలో బయల్దేరింది. దారిలో బండి తోలే మనిషి బండినే దొంగిలించబోతే నలుగురిలో నిలదీసి తన బండి తాను దక్కించుకుంది. పాల్మైరా చేరేటప్పటికి చేతిలో రెండు సెంట్లు మిగిలాయట.

ఊళ్ళో మూడు నాలుగేళ్ళు ఏ పని దొరికితే అది చేశారు. లూసీ నూనెగుడ్డ మీద రంగులతో బొమ్మలు వేసి అమ్మేది. కేకులు, ఉడికించిన గుడ్లు, రూట్ బీర్ అమ్మారు. మగవాళ్ళు కోతలకీ బావులు తవ్వడానికీ కూలికి వెళ్ళారు. అలా కూడబెట్టి నూరెకరాలకి అగ్రిమెంట్ చేసుకున్నారు. రిజిస్ట్రేషన్ కాదు, అగ్రిమెంట్. ఏటా వాయిదా కడుతూ పోవాలి, చివరి వాయిదా కడితేనే దస్తావేజు చేతికొస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

దుంగల ఇంట్లోకి వెళ్ళినప్పుడు తొందరగా బయటికి రాకండి. కింద రెండు గదులు, పైన వంగి నడవాల్సిన అటక. పక్కన తర్వాత కలిపిన చిన్న పడకగది. 1821లో చివరి కూతురు పుట్టేటప్పటికి పదకొండు మంది ఆ ఇంట్లో ఉన్నారు. అటక మీదికెక్కి చూస్తే మగపిల్లలు ఎలా సర్దుకుని పడుకునేవాళ్ళో ఊహించుకోవచ్చు. మార్మన్ల విశ్వాసం ప్రకారం 1823 సెప్టెంబర్ 21 రాత్రి మొరోనై అనే దేవదూత జోసెఫ్‌కి మూడుసార్లు కనిపించింది ఈ ఇంట్లోనే. గైడ్లు ఆ విషయమే ఎక్కువ చెబుతారు. అది వాళ్ళకి ప్రాణం, శ్రద్ధగా వినండి. విన్నాక మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఆ నిప్పుగూడు దగ్గర పదకొండు మందికి మూడు పూటలా వండిన మనిషిని తలుచుకోండి.

పొలం విషయానికొస్తే, అది అడవి. తమ్ముడు విలియం తర్వాతి రోజుల్లో చెప్పిన దాని ప్రకారం అరవై ఎకరాల దట్టమైన అడవి కొట్టి చదును చేశారు. ట్రాక్టర్ లేదు, రంపపు మిషన్ లేదు. గొడ్డళ్ళు, ఎడ్లు, నిప్పు. మేపుల్ చెట్లు మాత్రం కొట్టకుండా ఉంచుకున్నారు, 1200 నుంచి 1500 దాకా. చలికాలం చివర్లో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, ఆ చెట్లకి గాటు పెడితే తియ్యటి నీరు కారుతుంది. మన తాటి నీరా లాగే, కానీ నీరా కంటే చాలా పల్చన. నలభై గాలన్ల నీరు మరిగిస్తే ఒక గాలన్ పాకం. ఇంకా మరిగిస్తే పంచదార గడ్డ కడుతుంది. ఈ కుటుంబం ఏటా సగటున వెయ్యి పౌండ్ల పంచదార తీసేదని లూసీ చెప్పింది. అంటే నాలుగున్నర క్వింటాళ్ళు. నేను లెక్కేసి చూశాను. దానికి ఐదు వేల గాలన్ల నీరు, సుమారు 19 వేల లీటర్లు, మంచులో బకెట్లతో మోసుకొచ్చి మరిగించాలి. మా ఊళ్ళో బెల్లం వండే రోజుల్లో పొయ్యి దగ్గర రాత్రంతా కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఆ అంకె చూశాక నాకు నోట మాట రాలేదు. దీనికితోడు పీపాలు చేసి అమ్మేవాళ్ళు. ఆ పీపాల కొట్టు కూడా మళ్ళీ కట్టి పెట్టారు, చూడండి.

పెద్ద కొడుకు ఆల్విన్. ఈ పొలానికి వెన్నెముక అతనే. వయసుడిగే నాటికి అమ్మా నాన్నా సుఖంగా ఉండాలని, చెక్క పలకల ఇల్లొకటి కట్టడం మొదలుపెట్టాడు. గీతకి దక్షిణాన, ఈసారి సొంత భూమిలో. 1822 నవంబర్‌లో చట్రం లేచింది. పన్ను రికార్డుల్లో నూరెకరాల విలువ 700 డాలర్ల నుంచి 1823కి 1000 అయింది. కొత్త ఇల్లు లేస్తోందని కాగితం చెప్పే తీరు అది. కానీ 1823 నవంబర్‌లో ఆల్విన్‌కి కడుపునొప్పి వచ్చింది. వచ్చిన డాక్టర్ కలోమెల్, అంటే పాదరసం మందు, గట్టి మోతాదులో ఇచ్చాడు. అది పేగులో ఇరుక్కుపోయింది. నవంబర్ 19న చనిపోయాడు, ఇరవై ఐదేళ్ళు. చనిపోయే ముందు తమ్ముడు హైరమ్‌ని పిలిచి ఇల్లు పూర్తి చెయ్యమని, అమ్మానాన్నల్ని చూసుకోమని చెప్పాడు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. ఆల్విన్ శవాన్ని ఎవరో తవ్వి కోశారని ఊళ్ళో పుకారు పుట్టింది. పది నెలల తర్వాత, 1824 సెప్టెంబర్‌లో, తండ్రి కొందరు ఇరుగుపొరుగుల్ని తీసుకుని వెళ్ళి కొడుకు సమాధి తవ్వించి, శరీరం కదలలేదని చూసి, ఆ సంగతి ఊరి పత్రిక వేన్ సెంటినెల్‌లో ప్రకటన వేయించాడు. ఏ తండ్రికీ రాకూడని పని.

చివరి వాయిదా 1825లో పడింది. ఆ శరదృతువులో తండ్రీ చిన్న జోసెఫ్ పెన్సిల్వేనియాలో పనికి వెళ్ళి ఉన్నారు. భూమి ఏజెంట్ మారాడు. ఇంటి పని చేసిన వడ్రంగి ఒకరికి ఆ ఇంటి మీద కన్నుపడింది, వీళ్ళు పొలం పాడుచేస్తున్నారని ఏజెంట్‌కి లేనిపోనివి చెప్పించాడు. దస్తావేజు ఇంకొకరికి వెళ్ళిపోబోయింది. ఆఖరికి లెమ్యుయెల్ డర్ఫీ అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) పెద్దమనిషి 1825 డిసెంబర్ 20న పొలం కొని, వీళ్ళని కౌలుదార్లుగా అక్కడే ఉండనిచ్చాడు. కౌలు కింద కొడుకు శామ్యూల్ ఏడు నెలలు డర్ఫీ దగ్గర పనిచేశాడు. అరవై ఎకరాలు కొట్టి, ఇల్లు లేపి, కొడుకుని పోగొట్టుకుని, ఐదేళ్ళ వాయిదాలూ కట్టి, ఒక్కటి కట్టలేక మళ్ళీ కౌలుకి. పట్టా చేతికి రాకుండా తరాలుగా దున్నుతున్న కుటుంబాల అర్జీలు నా చేతుల మీదుగా వందల్లో వెళ్ళాయి. అందుకే ఆ పలకల ఇంటి మెట్ల మీద కూర్చుంటే నాకది పరాయి దేశపు కథ అనిపించదు.

పలకల ఇల్లు మాత్రం డూప్లికేట్ కాదు. తర్వాతి యజమానులు కలిపిన గదులు తీసేసి 1820ల రూపానికి తెచ్చారు, కానీ చట్రం అసలుదే. 1827 సెప్టెంబర్‌లో జోసెఫ్ మార్మన్ గ్రంథానికి మూలమైన బంగారు రేకులు తెచ్చి నిప్పుగూడు రాళ్ళ కింద దాచాడని వాళ్ళు నమ్మేది ఈ ఇంట్లోనే. 1829లో ఇల్లు ఖాళీ చేసి మళ్ళీ పాత దుంగల ఇంటికే, అప్పుడు అందులో ఉంటున్న హైరమ్ దగ్గరికి చేరారు. ఊళ్ళో ఈ.బి. గ్రాండిన్ అచ్చుకూటంలో మార్మన్ గ్రంథం ఐదు వేల ప్రతులు 3000 డాలర్లకి అచ్చయింది. ఆ డబ్బు కోసం మార్టిన్ హారిస్ అనే రైతు పొలం తాకట్టు పెట్టాడు, అమ్మాల్సి వచ్చింది. 1830 ఏప్రిల్ 6న ఫేయెట్‌లో సంఘం ఏర్పడింది. అదే ఏడాది చివర్లో స్మిత్ కుటుంబం ఈ నేల వదిలి వెళ్ళిపోయింది. జోసెఫ్‌నీ హైరమ్‌నీ 1844 జూన్ 27న ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైల్లో గుంపు కాల్చి చంపింది.

పొలం చర్చి చేతికి వచ్చింది 1907లో. 1915లో విల్లర్డ్ బీన్ అనే మాజీ బాక్సర్ భార్య రెబెక్కాతో అక్కడికి వచ్చి ఉన్నాడు. మొదట్లో ఊళ్ళో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. దాదాపు పాతికేళ్ళు అక్కడే ఉండి వ్యవసాయం చేసి, ఆ ఊరివాడైపోయాడు.

మన వైపు సంబంధం ఉందా అని మీ నాన్నగారు అడిగితే ఒకటి చెప్పండి. ఈ సంఘానికి భారతదేశంలో మొదటి స్టేక్, అంటే జిల్లా స్థాయి శాఖ లాంటిది, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. ఆ పొలంలో ఒకసారి నాకు తెలుగు మాటలు వినిపిస్తే ఆశ్చర్యపోయి పలకరించాను. హైదరాబాద్ నుంచి వచ్చిన మార్మన్ దంపతులు. ఆవిడ చెట్ల మధ్య కాలిబాట మీద చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తోంది, మనం గుడి ఆవరణలో నడిచినట్టు. 1820లో జోసెఫ్ ప్రార్థన చేశాడని వాళ్ళు నమ్మే తోపు అది. అందులో కొన్ని చెట్లు అప్పటికే ఉన్నవి. మీరు నమ్మకపోయినా అక్కడ గొంతు తగ్గించి మాట్లాడండి, పిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్ళండి.

వెళ్ళే వరస నా మాటగా ఇలా పెట్టుకోండి. పొద్దున్నే దుంగల ఇల్లు, తర్వాత దక్షిణంగా నడిచి పలకల ఇల్లు, కొట్టం, పీపాల కొట్టు, ఆ తర్వాత తోపు. టికెట్ లేదు, గైడ్లు డబ్బు తీసుకోరు. పెద్దవాళ్ళకి నడక కాస్త ఎక్కువే, మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. వేసవిలో తోపులో దోమలుంటాయి, పొడుగు చేతుల చొక్కా వెయ్యండి. దగ్గర్లోని కుమోరా కొండ మీద జూలైలో పెద్ద నాటకం ఉంటుందని పాత సమాచారం చూసి ప్లాన్ చేసుకోకండి, అది 2019తో ఆగిపోయింది. తిరుగు దారిలో పాల్మైరా ఊళ్ళో గ్రాండిన్ అచ్చుకూటం ఉంది, అదీ చూడొచ్చు. ఊళ్ళోనే జనరల్ జాన్ స్విఫ్ట్ పేరున్న పాత స్మశానంలో ఆల్విన్ సమాధి ఉంది. నాన్నగారికి ఓపిక ఉంటే అక్కడ కూడా ఆగండి. నేను ప్రతిసారీ ఆగుతాను.